గ్యాసు మాత్ర, నేతగాని చేయి

(ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి)

ఈ పత్రికలో నేను ఇదివరకు రాసినవన్నీ లెక్కల సంగతులు. నూలు కేటాయింపు, కూలి రేట్లు, పొదుపు నిధి వడ్డీ, ఇట్టివి. కడుపును గురించి రాయవలసిన రోజు వస్తుందని అనుకోలేదు. నేను డాక్టరును కాను. పదవ తరగతితో చదువు ఆపి లెక్కల పుస్తకం పట్టినవాడిని. అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఈ సంగతి మొదట బయటపడినది ఆసుపత్రిలో కాదు, మా సంఘపు కూలి రిజిస్టరులో. దానిని నెలనెలా చూస్తూ కూడ అర్థం చేసుకోలేకపోయినవాడిని నేనే.

మా సంఘం సేలం జిల్లాలో ఉన్నది. సభ్యులలో ఒక పెద్దాయన నాకు వరుసకు మామ. వయస్సు 63 ఏళ్ళు. గుంట మగ్గంమీద పట్టు పంచెలు నేస్తారు. బడిలో నేర్చుకున్నది అరవమే అయినా, వాళ్ళ నాయన ఇంట్లో ఇసుకమీద దిద్దించిన తెలుగు అక్షరాలు ఆయన విడువలేదు. కూలి తీసుకున్నప్పుడు తెలుగులోనే సంతకం పెడతారు. గుండ్రని పెద్ద అక్షరాలు. గడి దాటి పక్క గడిలోకి పోయేవి. "మామా, మీ సంతకానికి రెండు గడులు గీయాలి" అని నేను నవ్వేవాణ్ణి. "నీ రిజిస్టరే ఇరుకురా అల్లుడూ" అనేవారు.

నిరుటి ఆషాఢం దాటిన తరువాత ఆ సంతకం చిన్నదవుతూ వచ్చినది. మొదట గడిలో సరిగా ఇమిడినది. తరువాత సగం గడికి వచ్చినది. దీపావళినాటికి చీమలబారులాగా, చివరి అక్షరం కనపడీ కనపడనట్టు ఉండేది. కళ్ళు మసకబారినవి కాబోలు అనుకున్నాను. అదే కాలంలో ఆయన బట్టలో కూడ తేడా వచ్చినది. పేక దెబ్బ ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా పడేది. అంచు వంకర పోయేది. నెలకు తెచ్చే పంచెల లెక్క తగ్గినది. బట్ట పరీక్ష చేసేవారు లోపం చూపించినారు. నియమం ప్రకారం కూలిలో కోత రాసినాను. మూడు నెలలు వరుసగా రాసినాను. ఆ రాత నా చేతిదే, ఇప్పటికీ రిజిస్టరులో ఉన్నది.

ఇంటివాళ్ళు చెప్పినది వేరు. కుడిచేయి ఊరకే ఉన్నప్పుడు వణుకుతున్నది. నాడె విసరబోతే చేయి ఆలస్యంగా కదులుతున్నది. గుంటలోంచి లేవడానికి మనుమడు చేయి ఇవ్వాలి. నడిస్తే చిన్నచిన్న అడుగులు. ముఖంలో నవ్వు లేదు, కోపమూ లేదు, బొమ్మలాగా ఉంటున్నారు. వయస్సు మీరినదని కొందరు, వాతమని కొందరు అన్నారు. దగ్గరలోని ఒక డాక్టరు చేతివణుకు జబ్బు అని చెప్పి దానికి మాత్ర రాసినారు. ఆ మాత్ర వేసుకున్న తరువాత కడుపు ఉబ్బరం మరీ ఎక్కువైనది. ఎక్కువైనదని మామ తాను అంతకు ముందునుంచి వాడుతున్న గ్యాసు మాత్ర రోజుకు ఒకటి చాలక రెండు వేసుకోసాగినారు. ఈ గ్యాసు మాత్రను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అది మందే కాదన్నట్టు ఉండినది. దిండు కింద ఉండేది, అంతే.

తరువాత కొడుకు ఆయనను పెద్దాసుపత్రికి తీసుకుపోయినాడు. నేనూ తోడు వెళ్ళినాను. అక్కడ చిన్న వయస్సు డాక్టరమ్మ ఒకరు చేయి వంచి చూచి, నడిపించి చూచి, కాగితం ఇచ్చి ఏదైనా రాయమన్నారు. మామ తన పేరు రాసినారు. అదే చీమలబారు. ఆమె దానిని చాలసేపు చూచి, జబ్బు పేరు చెప్పలేదు, "ఇంట్లో ఏయే మాత్రలు వేసుకుంటున్నారో అన్నీ బల్లమీద పోయండి" అన్నారు. బి.పి. మాత్ర, వణుకు మాత్ర బయటికి వచ్చినవి. "ఇంకా?" అన్నారు. "అంతే అమ్మా." "కడుపుకు ఏమీ వేసుకోరా?" "అది గ్యాసుకు..." అని మామ నడుమున కట్టిన సంచిలోంచి ఒక షీటు తీసినారు. పదునాలుగు నెలలనుంచి వాడుతున్నారట. ఒకసారి పది రోజులకు రాసిన చీటీ అది. ఆ చీటీనే మందుల షాపులో మళ్ళీ మళ్ళీ చూపి కొనుక్కున్నారు. తరువాత చీటీ కూడ అక్కరలేకపోయినది. మాత్ర రంగు చెపితే ఇచ్చేవారు.

ఆ క్యాప్సూల్లో రెండు మందులు ఉన్నవి. ఒకటి ఆమ్లం తగ్గించే రాబెప్రజోల్. రెండవది లెవోసల్పిరైడ్. చేయి పట్టివేసినది ఆ రెండవదే కావచ్చునని డాక్టరమ్మ చెప్పినారు. కడుపు మందుకూ చేతికీ ఏమి సంబంధం అని నాకు నమ్మకం కలుగలేదు. ఆమె ఓపికగా చెప్పినది, తరువాత నేను చదివి తెలుసుకొన్నది కలిపి ఇక్కడ రాస్తున్నాను.

కడుపు ఊరకే తోలుసంచి కాదు. కండరంతో చేసిన సంచి. పైభాగం అన్నం వచ్చినకొద్దీ వదులై చోటిస్తుంది, మన సంఘంలో నూలు గోదాములాగా. కింది భాగం పని చేస్తుంది. నిమిషానికి ఇంచుమించు మూడుసార్లు ఒక అల పుట్టి, నడుమనుంచి కిందికి నొక్కుకుంటూ పోయి, అన్నాన్ని ఆమ్లంతో కలిపి చిలుకుతుంది. కింద ఒక కవాటం ఉన్నది. అన్నం నలిగి నలిగి ఆవగింజంత, అంతకంటె చిన్న తునకలైతే గాని ఆ కవాటం దాదాపుగా దాటనివ్వదు. దాటిన తరువాత చిన్న ప్రేగు మొదటి భాగం తన కదలికను తాను మొదలు పెడుతుంది. అక్కడ నిమిషానికి పన్నెండు వరకు. మజ్జిగ వంటిది త్వరగా దిగిపోతుంది. పప్పూ అన్నమూ తిన్నది పూర్తిగా దిగడానికి మూడు నాలుగు గంటలు పట్టవచ్చు. నూనె, నెయ్యి ఎక్కువైతే ఇంకా ఆలస్యం.

కడుపు ఖాళీ అయిన తరువాత కూడ ఊరుకోదు. ఇంచుమించు గంటన్నర, రెండు గంటలకొకసారి ఒక గట్టి అల పైనుంచి చిన్న ప్రేగు చివరి వరకు ఊడ్చుకుంటూ పోతుంది. నేత ముగిసినాక మగ్గం కింద తెగిన పోగులు ఊడ్చినట్టే. ఆకలివేళ కడుపులో గుడగుడమని వినిపించేది చాలవరకు ఈ ఊడ్పే. ఏదైనా నోట్లో వేసుకుంటే ఊడ్పు ఆగిపోతుంది. మనవాళ్ళలో గంటగంటకూ టీ, దానితో రెండు బిస్కత్తులు తినే అలవాటు ఉన్నది. అట్టివారి కడుపుకు ఊడ్చుకునే వేళ ఎప్పుడు దొరుకుతుందో నాకు తెలియదు.

ఈ అలల తాళం వేసేవి కండరంలోనే ఉన్న ప్రత్యేక కణాలు. వాటిని కనిపెట్టిన స్పెయిను దేశపు శాస్త్రజ్ఞుడు కహాల్ పేరుతోనే పిలుస్తారు. తాళం అవి వేసినా, దెబ్బ గట్టిగా పడాలా మెల్లగా పడాలా అనేది నరాలు చెపుతవి. నరం చివర కొన్ని రసాయనాలు ఊరుతవి. అసిటైల్ కోలిన్ అనేది కదలమని చెపుతుంది. డోపమిన్ అనేది మెల్లగా పొమ్మని చెపుతుంది. కడుపు కదలికను మార్చే మందులలో చాలవరకు ఈ రెండింటిలో ఏదో ఒకదాని నోరు మూయించేవే. ఇది ఒక్కటి గుర్తుంచుకుంటే మిగిలినది తేలిక.

మనస్సు కూడ ఇందులో చేయి పెడుతుంది. ఎక్స్-రే కనిపెట్టినది 1895లో. తరువాత కొద్దికాలానికే అమెరికాలో వాల్టర్ కానన్ అనే వైద్య విద్యార్థి పిల్లికి బిస్మత్ కలిపిన ఆహారం పెట్టి, దాని కడుపు కదలడం ఎక్స్-రేలో చూచి, 1898లో ప్రకటించినాడు. పిల్లికి కోపమో భయమో కలిగినప్పుడు కడుపులోని అలలు ఆగిపోవడం కూడ ఆయన చూచినాడు. పట్టు ధర పెరిగిన వారంలో మన ఇళ్ళలో గ్యాసు మాత్రల ఖర్చు ఎందుకు పెరుగుతుందో దీనినిబట్టి కొంత ఊహించవచ్చు.

ఇక కడుపును మెల్లబరిచే మందులు. ఇవి మన ఇళ్ళలో ఎక్కువే. కడుపునొప్పి మెలి పెట్టినప్పుడు ఇచ్చే డైసైక్లోమిన్, హయోసిన్ కదలమనే రసాయనాన్ని అడ్డుకొంటవి. మెలి తగ్గుతుంది, దానితోబాటే అన్నం దిగడమూ తగ్గుతుంది. జలుబుకూ దురదకూ ఇచ్చే పాత రకం మాత్రలు, నరాల నొప్పికీ నిద్రకూ రాత్రి ఇచ్చే అమిట్రిప్టిలిన్, ఇవీ కొంతవరకు అదే పని చేస్తవి. మామకు వణుకుకని ఇచ్చిన ట్రైహెక్సిఫెనిడిల్ కూడ ఈ జాతిదే. అందుకే ఆ మాత్ర తరువాత ఉబ్బరం పెరిగినది. ఉబ్బరం పెరిగినదని గ్యాసు మాత్ర పెరిగినది. గ్యాసు మాత్ర పెరిగితే వణుకు పెరుగుతుంది. ఒక పోగు తెగితే దానికి తప్పు అతుకు వేసి, ఆ అతుకు పక్క పోగును తెంపినట్టు.

నడుమునొప్పి మన వృత్తికి పుట్టుకతో వచ్చినది. దానికి ట్రమడాల్ కలిసిన మాత్రలు వాడేవారు మనలో ఉన్నారు. అది నల్లమందు జాతి గుణం గల మందు. నల్లమందు గుణమే కడుపునూ ప్రేగునూ బిగబట్టించడం. కొన్ని దగ్గు మందులలో ఉండే కోడీన్ కూడ అంతే. వాంతి వచ్చినట్టుండడం, మలబద్ధం, ఆకలి లేకపోవడం. నొప్పి మాత్ర మొదలు పెట్టిన వారానికి కడుపు చెడినదంటే మొదట ఆ నొప్పి మాత్రనే అనుమానించాలి. అల్యూమినియం కలిసిన తెల్లని గ్యాసు టానిక్కు కూడ కడుపును మెల్లబరచి మలం బిగిస్తుంది. మెగ్నీషియం కలిసినది వదులు చేస్తుంది. అందుకే చాల టానిక్కులలో రెండూ కలిపి పోస్తారు. రక్తపోటుకు ఇచ్చే నిఫెడిపిన్ వంటి కొన్ని మందులు గొంతునుంచి వచ్చే ఆహారనాళం కింది కవాటాన్ని వదులు చేస్తవి. పులుపు పైకి ఎగదన్నుతుంది. నేసిన బట్ట చుట్టుకొనే కర్రకు పొట్ట ఆనించి, ముందుకు వంగి కూర్చునే మనకు అసలే అది ఎగదన్నుతూ ఉంటుంది.

చక్కెర జబ్బుకూ, ఇప్పుడు బరువు తగ్గడానికీ వేసుకునే సెమాగ్లుటైడ్, లిరాగ్లుటైడ్ అనే ఇంజక్షన్లు ఉన్నవి. అవి పని చేసే దారులలో ఒకటి కడుపును ఆలస్యంగా ఖాళీ చేయించడమే. డబ్బున్న ఇళ్ళలో తప్ప మనలో తక్కువే. అయినా వాడేవారు ఆపరేషనుకు పోయేముందు మత్తు డాక్టరుకు తప్పక చెప్పాలి. రాత్రి తిన్నది పొద్దుటికీ కడుపులోనే ఉంటే మత్తులో అది ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉన్నది.

కడుపును తరిమే మందులు వేరొక తెగ. మెటోక్లోప్రమైడ్, డోంపెరిడోన్, లెవోసల్పిరైడ్. ఈ మూడు పేర్లను పాఠకులు ఒకచోట రాసిపెట్టుకోవాలని కోరుతున్నాను. మూడూ చేసేది ముఖ్యంగా ఒకటే. మెల్లగా పొమ్మనే డోపమిన్ నోరు మూయిస్తవి. వాంతి ఆగుతుంది, అన్నం దిగుతుంది. వాంతులతో అల్లాడేవానికి రెండు రోజులు మెటోక్లోప్రమైడ్ ఇస్తే అది వరమే. చక్కెర జబ్బు చాల ఏళ్ళు ఉన్నవారికి కడుపు నరం దెబ్బతిని, పొద్దున తిన్నది సాయంత్రం దాకా దిగక, చక్కెర ఎప్పుడు పెరుగుతుందో ఎప్పుడు పడిపోతుందో తెలియని స్థితి వస్తుంది. మా వీధిలోనే ఒక అక్కకు అట్లా ఉన్నది. ఆమెకు డాక్టరు లెక్కపెట్టి ఇట్టి మందు ఇస్తున్నారు, మేలు చేస్తున్నది. కనుక మందును తిట్టడం నా ఉద్దేశం కాదు.

చిక్కు ఎక్కడంటే, డోపమిన్ కడుపులో మాత్రమే లేదు. చేతిని నడిపించే మెదడు భాగంలో కూడ అదే ఉన్నది. అక్కడ దానికి పని వేరు. చేయి సాఫీగా, వేళకు, తగినంత బలంతో కదలడానికి అదే ఆధారం. మెటోక్లోప్రమైడ్, లెవోసల్పిరైడ్ రక్తంలోంచి మెదడులోకి పోతవి. అక్కడ కూడ నోరు మూయిస్తవి. చేయి బిగుసుకొంటుంది, వణుకుతుంది, అడుగు చిన్నదవుతుంది, రాత చిన్నదవుతుంది. ముఖం బొమ్మ అవుతుంది. పార్కిన్సన్ అనే చేతివణుకు జబ్బుకూ దీనికీ పైకి తేడా తెలియదు. ఆ జబ్బులో డోపమిన్ తయారయ్యే చోటే ఎండిపోతుంది. ఇక్కడ డోపమిన్ ఉన్నది, మందు దానిని పని చేయనివ్వడం లేదు. ఇంకొకరకం కూడ కలదు. పెదవులూ నాలుకా దవడా వాటంతట అవే ఆడుతూ ఉండడం. అది వస్తే మందు మానినా ఒక్కొక్కప్పుడు పోదు. ఆడవారికీ పెద్ద వయస్సువారికీ ఈ భయం ఎక్కువ. ఇప్పటికే పార్కిన్సన్ ఉన్నవారికి మెటోక్లోప్రమైడ్ అసలు ఇవ్వకూడదు.

డోంపెరిడోన్ చాలవరకు మెదడులోకి పోదు. అందుచేత చేయి విషయంలో అది నయం. అయితే అది గుండె తాళాన్ని తప్పించగలదు, ముఖ్యంగా 60 దాటినవారిలో, రోజుకు 30 మిల్లీగ్రాములు మించినప్పుడు, ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ వంటి కొన్ని మందులతో కలిసినప్పుడు. ఈ ఎరిత్రోమైసిన్ సంగతి ఒక వింత. అది సూక్ష్మజీవులను చంపే మందు. కాని కడుపును ఊడ్పించే మోటిలిన్ అనే హార్మోను చోటులో కూర్చుని కడుపును తానే గట్టిగా నొక్కిస్తుంది. అది వేసుకున్నప్పుడు కడుపు మెలిపెట్టడానికి ముఖ్యకారణం ఇదే.

ఈ మూడు మందులకూ ఇంకొక గుణం ఉన్నది, రాయక తప్పదు. పాలు పట్టించే హార్మోనును పెంచుతవి. పిల్లకు పాలు ఇవ్వని ఆడవారికి పాలు రావడం, నెలసరి తప్పడం జరుగవచ్చు. కండెలు చుట్టే ఆడపిల్లలు ఇట్టిది వస్తే తల్లితో కూడ చెప్పుకోలేరు. గ్యాసు మాత్రకూ దీనికీ ముడి ఉంటుందని ఎవరికీ తట్టదు. పెళ్ళి సంబంధాల వయస్సులో ఇది ఎంత దిగులు తెస్తుందో చెప్పనక్కరలేదు.

ఇతర దేశాలలో ఏమి చేసినారో క్లుప్తంగా చెపుతాను. అమెరికా 2009లో మెటోక్లోప్రమైడ్ పొట్లంమీద నల్లగీత కట్టిన హెచ్చరిక వేయించినది, మూడు నెలలు మించి వాడవద్దని. యూరోపు మందుల సంస్థ 2013లో దానిని అయిదు రోజులకు కుదించమన్నది. 2014లో డోంపెరిడోన్ సాధారణంగా వారం మించవద్దన్నది. లెవోసల్పిరైడ్ అమెరికాలో అమ్మకానికి అనుమతి పొందినదే కాదు. సిసాప్రైడ్ అనే ఇంకొక కడుపు మందు గుండె తాళం తప్పిస్తున్నదని 2000లో అక్కడ మామూలు అమ్మకంలోంచి తీసివేసినారు. మన దేశంలో 2011లో నిషేధించినారు. ఇక్కడ మనవాళ్ళు ఆమ్లం తగ్గించే మందుతో డోంపెరిడోన్ గాని లెవోసల్పిరైడ్ గాని కలిసిన క్యాప్సూలును కాఫీలాగా పొద్దున్నే వేసుకుంటారు. ఏళ్ళ తరబడి వేసుకుంటారు. ఆమ్లం తగ్గించే మందుకు కడుపు కదలికతో పని లేదు. చాలమందికి కావలసినది అది ఒక్కటే కావచ్చు, లేక అదీ అక్కరలేకపోవచ్చు. రెండవ మందు తోడుగా వచ్చినదని కొన్నవానికే తెలియదు.

ఎందుకు తెలియదు? షీటుమీద పేరు ఇంగ్లీషులో ఉంటుంది. డాక్టరు చీటీ ఇంగ్లీషు. మేము బడిలో చదివినది అరవం, ఇంట్లో మాట తెలుగు. షోలాపురంలో మరాఠీ, బరంపురంలో ఒడియా, తేడా అంతే. ఇంట్లో ఇంగ్లీషు చదివిన పిల్లవాడు ఉన్నా, పెద్ద అక్షరాలలో ఉన్న కంపెనీ పేరు చదివి చెపుతాడు గాని, దాని కింద చీమ తలకాయంత అక్షరాలలో ఉన్న అసలు మందు పేరు చదవడు. చదవవలసినది ఆ చిన్న అక్షరాలే. కంపెనీ పేరు చివర ఒక ఇంగ్లీషు అక్షరమో రెండో తగిలించి ఉంటవి. 'డి' అంటే చాలసార్లు డోంపెరిడోన్, 'ఎల్' గాని 'ఎల్ ఎస్' గాని అంటే చాలసార్లు లెవోసల్పిరైడ్. దానినే నమ్ముకోక చిన్న అక్షరాలు చదివించుకోండి.

మామ సంగతికి వస్తాను. డాక్టరమ్మ ఆ క్యాప్సూలు ఆపించినారు. వణుకు మాత్రను ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా తగ్గించి ఆపినారు. కడుపుకు ఆమ్లం మందు ఒక్కటే కొన్నాళ్ళు ఇచ్చి, రాత్రి భోజనం పెందలాడే చేయమన్నారు. తిన్న వెంటనే పడుకోవద్దు, గుంటలోకి దిగి వంగవద్దు అన్నారు. మొదటి మూడు వారాలు ఏ మార్పూ లేదు. అత్తకు నమ్మకం పోయినది. "ఉన్న మందు కూడ ఆపించినారు" అని నాతో గొడవ పెట్టుకొన్నది. అయిదవ వారంలో ఒకనాడు ఆయన తనంతట తానే గుంటలోంచి లేచినారట. మూడవ నెలలో సంతకం గడి నిండా వచ్చినది. ఎడమచేతి వేళ్ళలో కొంచెం బిగువు ఇంకా ఉన్నది. అది కూడ పోతుందో, లేక అసలు జబ్బే లోపల మొదలై మందు దానిని ముందుగా బయటపెట్టినదో ఏడాది చూస్తే గాని చెప్పలేమని డాక్టరమ్మ అన్నారు. అట్లా కూడ జరుగుతుందట. ఆయన ఇప్పుడు మునుపటి లెక్కలో ముప్పాతిక నేస్తున్నారు.

నేను రాసిన కోతల సంగతి పాలకవర్గం ముందు పెట్టినాను. "బట్టలో లోపం లోపమే గదా, కారణం ఏదైతేనేమి" అని ఒక సభ్యుడు అన్నాడు. ఆ మాట తప్పని నేను చెప్పలేను. చాలసేపు మాట్లాడి సగం తిరిగి ఇవ్వడానికి తీర్మానించినారు. మామ సగం తీసుకొని సంతకం చేసి, "మిగిలిన సగం నీ చదువుకు ఫీజు అనుకోరా" అన్నారు.

ఒక హెచ్చరిక. దీనిని చదివి ఎవరూ తమ బి.పి. మాత్రనో చక్కెర మాత్రనో తామే మానవద్దు. గ్యాసు క్యాప్సూలును కూడ డాక్టరును అడిగి మానండి. ఆమ్లం మందు ఏళ్ళు వాడి ఒక్కసారి ఆపితే కొన్నాళ్ళు పులుపు ఎగదన్నడం మునుపటికంటె ఎక్కువగా ఉంటుంది. అయ్యో మాత్ర లేకపోతే బ్రతకలేము అని మళ్ళీ దానికే పోతారు. ఇంకొకటి. గుండె దగ్గర బరువు, చెమట, ఎడమచేతికి లాగడం వస్తే దానిని గ్యాసు అనుకొని ఇంట్లో కూర్చోవద్దు. బరువు తగ్గిపోతున్నా, నల్లగా విరేచనమైనా, మింగుడు పడకపోయినా అవి గ్యాసు మాత్రతో దాటవేయవలసిన సంగతులు కావు.

వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున 10 గంటలకు మా సంఘం కార్యాలయంలో మందుల శాస్త్రం చదివిన మన పిల్లవాడు ఒకడు కూర్చుంటాడు. ఇంట్లో పెద్దలు వాడే మాత్రలు, టానిక్కులు, నాటు మందు పొట్లాలు, పక్కింటివారు ఇచ్చినవి కూడ, అన్నీ ఒక సంచిలో వేసుకొని తీసుకురండి. ఒక్కొక్కదానిలో ఏమున్నదో అతడు తెలుగులో ఒక కాగితంమీద రాసి ఇస్తాడు. ఏది మానాలో చెప్పడు. ఆ కాగితం మీ డాక్టరుకు చూపడానికి. మాత్రలు షీటునుంచి ఊడదీసి డబ్బాలో పోసి తేవద్దు. షాపులో నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చేటప్పుడు పేరున్న ముక్కను మనకే ఇమ్మని అడగండి. ఇతర ఊళ్ళ సంఘాలవారు ఆ కాగితం నమూనా కావలెనంటే పత్రిక కార్యాలయానికి రాసినచో పంపగలము.